బల్బు కనబడని వెలుగు

సాయంత్రం వేళ కోపెన్‌హేగెన్‌లో ట్రామ్ పైఅంతస్తున కూర్చుని వెళ్తూ, దారి పక్కన కిటికీల్లోంచి ఇళ్లలోకి చూస్తే మనసు చివుక్కుమంటుందని 1920ల్లో ఒక డెన్మార్క్ డిజైనర్ రాశాడు. ఆ ఇళ్లలో కుర్చీలకు, తివాచీలకు, గోడల మీద పటాలకు లోటేమీ లేదు. వాటన్నిటి మీదా పడే వెలుగే సరిగా లేదు. ఇంట్లో వెలుగును పద్ధతిగా అమర్చుకోవడానికి డబ్బు కంటే శ్రద్ధ ముఖ్యమని ఆయన వాదించాడు. ఆయన పేరు పౌల్ హెన్నింగ్‌సన్. ఆ దేశంలో అందరూ పొడి అక్షరాలతో పి.హెచ్. అంటారు. ఆయన తయారు చేసిన దీపాలకూ అదే పేరు.

ఈ పుస్తకంలో ఇంతవరకూ పొద్దున్న లేవడం గురించి, పని వేళల గురించి మాట్లాడుకున్నాం. ఇంటిల్లిపాదీ ఒకచోట చేరే సాయంత్రాల గురించి ఇంకా మాట్లాడుకోలేదు. సాయంత్రం ఆరు నుంచి పదిన్నర దాకా మనం ఎలా కూర్చుంటామో, ఎవరి ముఖం ఎవరికి కనబడుతుందో, అన్నం తిన్నాక బల్ల దగ్గర ఇంకాసేపు ఉంటామో చెయ్యి కడుక్కుని ఎవరి గదికి వాళ్లం వెళ్లిపోతామో చాలావరకు వెలుగు మీదే ఆధారపడి ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకం నాకు పి.హెచ్. గాజు దీపాన్ని అర్థం చేసుకునే కొద్దీ బలపడింది. అందుకే ముందు ఆ దీపం కథ చెప్పి, తర్వాత మన ఇంటి సంగతికి వస్తాను.

పౌల్ హెన్నింగ్‌సన్ 1894లో కోపెన్‌హేగెన్ పక్కనున్న ఓర్‌డ్రుప్‌లో పుట్టాడు. తల్లి ఆగ్నెస్ హెన్నింగ్‌సన్ పేరున్న రచయిత్రి. ఆయన బాల్యం కిరసనాయిలు దీపాల మధ్య గడిచింది. ఆ దీపం పసుపుపచ్చగా, మెత్తగా వెలుగుతుంది. బల్ల మీద పెడితే దాని చుట్టూ మనుషులు చేరతారు. తర్వాత కరెంటు బల్బు వచ్చింది. వెలుగు ఎన్నో రెట్లు పెరిగింది, పొగ పోయింది, వాసన పోయింది. దానితో పాటే కళ్లు చిట్లించుకోవడమూ వచ్చింది. అతి సన్నని తీగ తెల్లగా కాలి మండుతూ నేరుగా కంట్లోకి కొడుతుంటే, దాని చుట్టూ కూర్చోవాలని ఎవరికీ అనిపించదు. మన పల్లెల్లో లాంతరు కింద చదువుకుని, తర్వాత ఇంటికి కరెంటు వచ్చిన తరం వాళ్లను అడిగితే ఈ తేడా వాళ్లూ చెబుతారు. కరెంటు వచ్చిన ఆనందం ఒకవైపు, చూరుకు వేలాడే బోడి బల్బు కింద కళ్లు మండిన జ్ఞాపకం ఇంకోవైపు.

పి.హెచ్. కరెంటును కాదనలేదు. ఈ కొత్త వెలుగు మొత్తాన్నీ వాడుకుంటూనే, అది పుట్టే చోటును కంటికి కనబడకుండా చేయడం ఎలా అన్నదే ఆయన తనకు తాను వేసుకున్న ప్రశ్న. బల్బును దట్టమైన గుడ్డ తొడుగులో కప్పేస్తే కళ్లకు హాయిగానే ఉంటుంది గానీ సగానికి సగం వెలుగు గుడ్డలోనే ఇంకిపోతుంది. కప్పకుండా వదిలేస్తే గుచ్చుకుంటుంది. ఈ రెంటి మధ్య దారి కోసం ఆయన అంచనాలను పక్కన పెట్టి గణితాన్ని ఆశ్రయించాడు. ఏ కోణంలో తగిలిన కిరణం ఎటు పోతుంది, బల్ల మీద ఏ చోట ఎంత వెలుగు పడుతుంది అని గీతలు గీసి లెక్కలు కట్టాడు. ఆర్కిటెక్టుగా పనిచేశాడు గానీ ఆ చదువు పూర్తి చేయలేదు. పట్టా లేని ఆ మనిషి వెలుగు విషయంలో మాత్రం ఎవరూ చూపనంత ఓపిక చూపాడు.

ఆయన కనిపెట్టిన పరిష్కారం ఒకదాని కింద ఒకటిగా మూడు తొడుగులు. పైది పెద్దది, మధ్యది చిన్నది, అడుగుది ఇంకా చిన్నది. తొడుగుల వంపు ఒక ప్రత్యేకమైన సర్పిలం నుంచి తీసుకున్నది. నత్తగుల్ల చుట్టు లాంటిదే అది. గణితంలో దాన్ని లాగరిథమిక్ సర్పిలం అంటారు. దాని నడిబిందువు నుంచి బయలుదేరిన గీత ఆ వంపును ఎక్కడ తాకినా ఒకే కోణంలో తాకుతుంది. ఆ నడిబిందువు దగ్గర బల్బు పెడితే తొడుగు అంతటా కిరణాలు ఒకే తీరున పడి, ఒకే తీరున కిందికీ పక్కలకీ మళ్లుతాయి. ఒకచోట మెరుపు, ఒకచోట మసక అంటూ ఉండదు. బల్బు వెలుగును మూడు తొడుగులూ తలా కొంత పంచుకుంటాయి. బల్లకు ఏ పక్కన కూర్చుని చూసినా బల్బు మాత్రం కనబడదు. ఈ దీపం సొగసంతా ఆ లెక్క నుంచే పుట్టింది. అలంకారం కోసం అందులో ఒక్క వంపూ పెట్టలేదు. నేను దాన్ని ప్రేమించడానికి మొదటి కారణం ఇదే.

ఇక గాజు. లోహపు తొడుగుల పి.హెచ్. దీపాలూ ఉన్నాయి, అవీ మంచివే. కానీ లోహం వెలుగును పూర్తిగా అడ్డుకుంటుంది కాబట్టి పైకప్పు చీకటిలో ఉండిపోతుంది. 1920ల్లోనే పాలగాజు తొడుగులతో చేసినవి వచ్చాయి. ఈ గాజు మూడు పొరలుగా ఉంటుంది. రెండు పారదర్శక గాజు పొరల మధ్యన తెల్లని పాలగాజు పొర. పనివాళ్లు గొట్టంతో నోటితో ఊది దీన్ని తయారు చేస్తారు. పాలగాజులో కంటికి కనబడనంత సూక్ష్మమైన కణాలు నిండి ఉంటాయి. వెలుగు వాటికి తగిలి నలువైపులా చెదురుతుంది. అందుకే గాజు వెనుక బల్బు ఉన్నా దాని ఆకారం తెలియదు, గాజే వెలుగుతున్నట్టు ఉంటుంది. తొడుగు పైభాగాన్ని నున్నగా మెరిసేలా ఉంచి, అడుగుభాగాన్ని ఇసుకతో రాపిడి చేసి గరుకుగా చేస్తారు. అడుగు కూడా నున్నగా ఉంటే బల్బు ప్రతిబింబం అద్దంలోలా కనబడి మళ్లీ కంట్లో పొడిచేది. ఎక్కువ వెలుగు కిందికి వస్తుంది, కొద్దిగా గాజులోంచి పైకీ పక్కలకీ జాలువారుతుంది. గది మూలలు పూర్తిగా నల్లబడవు, ఎదుటివాళ్ల ముఖం మీద గాఢమైన నీడలు పడవు.

1925లో పారిస్‌లో జరిగిన పెద్ద అలంకరణ కళల ప్రదర్శనలో ఆయన దీపానికి స్వర్ణ పతకం వచ్చింది. అప్పటి నుంచి ఆయన దీపాలను తయారు చేస్తున్న లూయిస్ పౌల్సన్ సంస్థ 1874లో వైన్ దిగుమతి వ్యాపారంగా మొదలై, తర్వాత కరెంటు సామాన్లలోకి వచ్చింది. పారిస్ ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది కోపెన్‌హేగెన్‌లో కొత్తగా కట్టిన ఫోరమ్ ప్రదర్శనశాలకు మూడు తొడుగుల దీపాలు వెలుగునిచ్చాయి. కొన్నేళ్లకే చెక్ నగరం బ్రనోలో మీస్ వాన్ డెర్ రోహె కట్టిన టూగెండ్‌హాట్ భవనంలోకీ అవి చేరాయి.

తర్వాత జరిగినదాంట్లో మనకు పనికొచ్చే పాఠం ఎక్కువగా ఉంది. పతకం వచ్చింది, దీపాలు అమ్ముడవుతున్నాయి, అయినా ఆయన ఆ ప్రశ్నను విడిచిపెట్టలేదు. 1920ల చివర్లో ఏడు గాజు తొడుగులతో సెప్టిమా అనే దీపం చేశాడు. 1941లో కోపెన్‌హేగెన్‌లోని టివోలి ఉద్యానవనానికి ఆర్కిటెక్టు అయ్యాడు. అప్పటికి దేశం జర్మన్ సేనల ఆక్రమణలో ఉంది, విమానాలకు కనబడకుండా రాత్రిళ్లు దీపాలు ఆర్పేయాలి. నేల మీద వెలుగు పడుతూ, ఆకాశం నుంచి చూస్తే ఏమీ తెలియని దీపాన్ని టివోలి కోసం రూపొందించాడు. ప్రశ్న అదే, బల్బును చూడకూడని కన్ను మాత్రం ఈసారి పైన విమానంలో ఉంది. 1943లో ఆర్నే యాకబ్సన్ అనే మరో గొప్ప ఆర్కిటెక్టుతో కలిసి చిన్న పడవలో సముద్రం దాటి స్వీడన్‌కు తప్పించుకున్నాడు. యుద్ధం అయ్యాక తిరిగివచ్చి మళ్లీ దీపాల పనిలోనే పడ్డాడు.

1958 నాటికి ఆయనకు 64 ఏళ్లు. బల్బుల కంపెనీలు బల్బు ఆకారాన్నీ పరిమాణాన్నీ మాటిమాటికీ మారుస్తుంటే, ఒక బల్బుకు కట్టిన లెక్క ఇంకో బల్బుకు పనికిరాకుండా పోతుండేది. దానికి జవాబుగా, లోపల ఏ బల్బు పెట్టినా ఏ వైపు నుంచీ అది కనబడని దీపం చేశాడు. అదే పి.హెచ్. 5. పెద్ద తొడుగు వ్యాసం 50 సెంటీమీటర్లు కాబట్టి ఆ పేరు. మన కన్ను పసుపు, ఆకుపచ్చ రంగులకు బాగా స్పందిస్తుంది, ఎరుపు నీలాలకు తక్కువగా స్పందిస్తుంది. అందుకని ఆ దీపం లోపల ఎర్ర రంగు, నీలి రంగు పూసిన చిన్న భాగాలు పెట్టాడు. బయటికి కనబడని ఆ రంగులు వెలుగులో కలిసి వస్తాయి. అదే ఏడాది 72 లోహపు రేకులతో ఆర్టిచోక్ దీపం కూడా వచ్చింది. 1967లో చనిపోయే దాకా ఆయన వెలుగు గురించి ఆలోచిస్తూ, రాస్తూనే ఉన్నాడు. నలభై ఏళ్లకు పైగా ఒకే ప్రశ్న. వ్యక్తిత్వ వికాసం గురించి రాసేవాళ్లం లక్ష్యం, ఏకాగ్రత అంటూ పెద్ద మాటలు వాడుతుంటాం. పి.హెచ్. చేసినది వాటికంటే సులువుగా అర్థమవుతుంది. మొదటి జవాబు మెప్పు తెచ్చినా దానితో తృప్తి పడలేదు. పరిస్థితి మారినప్పుడల్లా అదే ప్రశ్నను మళ్లీ మొదటి నుంచి వేసుకున్నాడు. మీ పనిలో అలాంటి ప్రశ్న ఒకటి ఉందేమో ఈ అధ్యాయం చదివాక కాసేపు ఆలోచించండి. ఇక దీపం దగ్గరికి వద్దాం.

ఉత్తరాది దేశాల్లో ఇలాంటి దీపాలు పుట్టడానికి కారణం ఉంది. డిసెంబరులో కోపెన్‌హేగెన్‌లో పగలు ఏడు గంటలే. మధ్యాహ్నం మూడూ ముప్పావు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. అంత పొడుగు చీకటిని ఇంట్లోనే గడపాలి కాబట్టి దీపం వాళ్లకు కుర్చీ, మంచం అంత ముఖ్యమైన సామాను. గాజు పనీ వాళ్లకు పాత విద్యే. స్వీడన్ అడవుల్లో కోస్తా కొలిమి 1742 నుంచి ఉంది. డెన్మార్క్‌లో హోల్మెగార్డ్ 1825లో పీట్ మట్టిని కాల్చి గాజు కరిగించడంతో మొదలైంది. ఫిన్లాండ్‌లో ఇట్టాల 1881లో వచ్చింది. దీపాల రూపకర్తలు గీసిన తొడుగుల్లో చాలా వాటిని ఇలాంటి కొలిముల్లోనే ఊదారు.

హైదరాబాదులో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా దాదాపు 11 గంటలు ఉంటుంది. మనకు వెలుగు కొరత లేదు. ఎండ నుంచి తప్పించుకోవడమే మన ఇళ్లకు ఎప్పుడూ ఉన్న సమస్య. అందుకేనేమో రాత్రి వెలుగు గురించి మనం అంతగా ఆలోచించలేదు. గోడ మీద నాలుగడుగుల ట్యూబ్‌లైటు ఒకటి వేశాం. ఆ తర్వాత ఫాల్స్ సీలింగ్ వచ్చి, దానిలో వరసగా తెల్లని చిన్న లైట్లు వచ్చాయి. స్విచ్ వేస్తే హాలంతా ఒకే మోతాదులో తెల్లబారిపోతుంది. ఎక్కడ కూర్చోవాలో వెలుగు చెప్పదు. అందరూ టీవీ వైపు తిరుగుతారు, లేదా ఎవరి ఫోన్ వెలుగులోకి వాళ్లు తలవంచుతారు. ఇది పిల్లల తప్పు అని మాత్రమే అనుకుంటే సగం కారణాన్నే చూసినట్టు.

ఈ రాత్రే ఒక చిన్న పరీక్ష చేయండి. అన్నం తినే చోట మీరు రోజూ కూర్చునే కుర్చీలో కూర్చోండి. తల ఎత్తకుండా ఎదురుగా చూడండి. ఎక్కడైనా బల్బు, ట్యూబ్ నేరుగా కనబడుతోందా? అరచేతిని కంటికి పైన, కనుబొమల దగ్గర గొడుగులా అడ్డం పెట్టండి. పెట్టగానే కళ్లకు హాయి అనిపిస్తే ఆ గదిలో వెలుగు మీ కళ్లను అలసిపోయేట్టు చేస్తోందన్నమాట. తర్వాత ఎదుట ఇంకొకరిని కూర్చోబెట్టి వాళ్ల ముఖం చూడండి. కళ్ల కింద, ముక్కు కింద నల్లని నీడలు ఉన్నాయా? నడినెత్తి మీద ఒకే లైటు ఉంటే ఉంటాయి. చివరగా కంచంలో టమాటా పప్పు, ఆవకాయ, ఆకుకూర వాటి రంగుల్లో కనబడుతున్నాయా, పాలిపోయినట్టున్నాయా చూడండి. ఈ మూడింటికీ జవాబులు రాసి పెట్టుకోండి. కొత్త దీపం కొనాలో, ఉన్న దీపాన్నే కిందికి దించితే చాలో ఆ కాగితమే చెబుతుంది.

దించడం అన్నాను. డెన్మార్క్ ఇళ్ల నుంచి మనం నేర్చుకోవలసిన ముఖ్యమైన విషయం అదే, దానికి పెద్దగా ఖర్చు కూడా కాదు. వాళ్లు దీపాన్ని బల్ల మీదికి బాగా కిందికి దించి వేలాడదీస్తారు. బల్ల ఉపరితలం నుంచి దీపం అడుగుకు మధ్య దాదాపు 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగులు. మొదటిసారి విన్నవాళ్లు తలకు తగలదా అంటారు. కింద బల్ల ఉంది కదా, అక్కడ ఎవరూ నడవరు. లెక్క చూడండి. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు, దానిపై 60, అంటే దీపం అడుగు నేల నుంచి 135 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. కుర్చీలో కూర్చున్న పెద్దవాళ్ల కళ్లు సుమారు 120 దగ్గర ఉంటాయి. దీపం వాళ్ల చూపుకు కాస్త పైన ఆగుతుంది, ఎదుటివాళ్ల ముఖానికి అడ్డం రాదు. మన ఇళ్లలో పైకప్పు ఎత్తు సాధారణంగా 10 అడుగులు, అంటే 305 సెంటీమీటర్లు. దీపం ఎత్తు 30 అనుకుంటే తీగ 140 సెంటీమీటర్ల దాకా కావాలి. కొనేటప్పుడు తీగ పొడవు అడగడం మరిచిపోకండి.

వెలుగు దూరం పెరిగే కొద్దీ చాలా త్వరగా పలచబడుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది. పైకప్పుకు అంటుకున్న బల్బు బల్ల నుంచి 230 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దాన్నే 70 దగ్గరికి దించితే కంచం మీద పడే వెలుగు దాదాపు పది రెట్లు అవుతుంది. అంటే చిన్న బల్బు చాలు. అయితే బల్బు అంత కిందికి వచ్చినప్పుడు దాన్ని కంటి నుంచి దాచకపోతే బాధ ఇంకా ఎక్కువవుతుంది. ఈ మధ్య కేఫ్‌ల్లో పారదర్శకమైన గాజు బుడగలో మెలికల తీగ బల్బు పెట్టి బల్ల మీదికి వేలాడదీస్తున్నారు. ఫొటోలో చాలా బాగుంటుంది. దాని కింద గంటసేపు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడి చూడండి, కళ్లు పక్కకు తిప్పుకుంటూనే ఉంటారు. ఆ రకం దీపాన్ని భోజనాల బల్ల మీదికి నేను ఎవరికీ సిఫారసు చేయను.

మరి ఏది కొనాలి? అసలైన పి.హెచ్. గాజు దీపం మధ్యతరగతి ఇంటికి పెద్ద ఖర్చే. అది లేకపోతే సాయంత్రాలు బాగుపడవని నేను చెబితే మిమ్మల్ని తప్పుదోవ పట్టించినట్టే. కొనగలిగి, ఇష్టపడితే కొనండి, అది ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరే వస్తువు. పేర్లలో అంకెలు ఉంటాయి. ఉదాహరణకు పి.హెచ్. 3/2లో మొదటి అంకె పై తొడుగు కొలతకు, రెండోది కింది రెండు తొడుగుల కొలతకు గుర్తు. దాని పై తొడుగు దాదాపు 30 సెంటీమీటర్లు, నలుగురు కూర్చునే బల్లకు సరిపోతుంది. ఆరుగురు, ఎనిమిదిమంది కూర్చునే పొడుగు బల్ల అయితే పెద్దది ఒకటి వేయడం కంటే చిన్నవి రెండు వేస్తేనే వెలుగు చివరి కుర్చీ దాకా చేరుతుంది.

కొనలేకపోతే ఆ దీపంలోని సూత్రాన్ని పట్టుకుని వెతకండి. పేరున్న దీపాల నకళ్లు బజారులో బోలెడు. వాటిలో ఆకారం ఉంటుంది గానీ లెక్క ఉండదు. తొడుగు వంపు కాస్త మారినా, బల్బు ఒక అంగుళం కిందికి జరిగినా ఎదురు కుర్చీలోంచి బల్బు కనబడిపోతుంది. వేరొకరి పనిని దొంగిలించిన నకలుకు డబ్బు పెట్టడం కంటే, నిజాయితీగా సాదాగా చేసిన పాలగాజు గోళమో గిన్నెబోర్లా తొడుగో కొనడం అన్ని విధాలా మేలని నా అభిప్రాయం. షాపులో దీపాన్ని వెలిగించమని అడగండి. కుర్చీ వేసుకుని కూర్చోండి. షాపువాళ్లు వింతగా చూసినా పరవాలేదు, మీరు ఆ దీపాన్ని నిలబడి వాడరు కదా. కూర్చున్న ఎత్తు నుంచి చూసినప్పుడు గాజు అంతటా వెలుగు సమానంగా ఉందా, నడుమ బల్బు చుక్కలా మెరుస్తోందా చూడండి. మెరిస్తే అది పలచని పూత వేసిన గాజు. ఒంట్లోనే తెల్లదనం ఉన్న అసలు పాలగాజులో ఆ చుక్క కనబడదు. అంచులు వేలితో తడిమి చూడండి, నున్నగా మందంగా ఉండాలి. తొడుగు పగిలితే అదొక్కటే మళ్లీ దొరుకుతుందా అన్నదీ అడగండి. దొరకదంటే ఆ దీపం ఆయుష్షు ఒక్క జారుడుతో ముగిసినట్టే.

బల్బు విషయంలో మూడు సంగతులు. ఐరోపా దీపాల్లో మరలాగా తిప్పి బిగించే ఇ27 హోల్డర్ ఉంటుంది, మన ఇళ్లలో ఎక్కువగా వాడేది పిన్నుల బి22. ఇ27 బల్బులు ఇక్కడి దుకాణాల్లోనూ దొరుకుతాయి కాబట్టి హోల్డర్ మార్చాల్సిన పని లేదు. వోల్టేజీ అక్కడా ఇక్కడా 230, ఆ చింత కూడా లేదు. రెండోది రంగు. పెట్టె మీద కెల్విన్ అని రాసి ఉంటుంది. మన ఇళ్లలో అలవాటైన తెల్లని బల్బులు 6500, అంటే మబ్బు పట్టిన మధ్యాహ్నపు రంగు. రాత్రి అన్నం దగ్గరికి 2700 తీసుకోండి. నీలం పాలు ఎక్కువున్న వెలుగు రాత్రిపూట నిద్రకు కావలసిన మెలటోనిన్‌ను తగ్గిస్తుంది కూడా. పసుపు వెలుగు మసక అనే భయం మనవాళ్లలో ఉంది. ఎంత వెలుగన్నది చెప్పేది ల్యూమెన్లు, రంగుకు దానితో సంబంధం లేదు. దీపాన్ని కిందికి దించితే 500 నుంచి 800 ల్యూమెన్ల బల్బు ధారాళంగా సరిపోతుంది. మూడోది సి.ఆర్.ఐ. రంగులను వెలుగు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె అది. 90, ఆపైన ఉంటే ఆవకాయ ఎర్రగానే కనబడుతుంది. వెలుగు తగ్గించుకునే డిమ్మర్ పెట్టించుకుంటే బల్బు పెట్టె మీద డిమ్మబుల్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే వణుకుతుంది.

మన ఇళ్లకు ఉన్న కొన్ని చిక్కులు డెన్మార్క్ వాళ్లకు తెలియవు. మొదటిది ఫ్యాను. భోజనాల బల్ల నడిమధ్య మీద చాలా ఇళ్లలో ఫ్యానే ఉంటుంది. ఫ్యాను రెక్కల పైన లైటు ఉంటే నీడలు గిరగిరా తిరిగి కళ్లు తిరుగుతాయి. వీలైతే ఫ్యానును పక్కకు జరపండి, లేదా గోడ ఫ్యాను పెట్టించి బల్ల నడుమను దీపానికి ఇవ్వండి. బల్లనే దీపం కింది చోటుకు జరపడం ఇంకో దారి. రెక్క కొస నుంచి తీగకు కనీసం ఒక అడుగు ఎడం ఉండాలి, గాలికి దీపం ఊగుతుంది కాబట్టి. రెండోది ఫాల్స్ సీలింగ్. గాజు దీపం బరువును ఆ పలక మోయలేదు. దాని పైనున్న శ్లాబులోకి బోల్టు దించి హుక్కు వేయించాలి. ఈ పని మీద బేరం ఆడకండి.

తొలకరిలో ఉసిళ్లు వస్తాయి. పైకి తెరుచుకున్న గిన్నెలాంటి గాజు దీపాల్లో అవి రెక్కలతో సహా పడి కుప్పగా చేరి మాడతాయి. పి.హెచ్. తరహాలో కిందికి తెరుచుకున్న తొడుగులకు ఆ బాధ తక్కువ. వంటగది తెరిచి ఉన్న ఇళ్లలో తాలింపు ఆవిరి గాజుకు జిడ్డులా పట్టి, దాని మీద దుమ్ము చేరుతుంది. మెరుగు తగ్గిందని బల్బు మార్చేవాళ్లున్నారు, తుడిస్తే సరిపోయేది. కరెంటు ఆపి, గాజు చల్లారాక, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి మెత్తని నూలు గుడ్డతో తుడవండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఆ నీళ్లే ఆరితే తెల్లని మరకలు పడతాయి కాబట్టి చివరిసారి తాగే నీళ్లతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. గరుకు పీచు వాడకండి. ఈ పని ఇంట్లో ఎప్పుడూ ఒకరి మీదే పడకుండా చూడండి. నాన్న ఒకసారి, అబ్బాయి ఒకసారి చేస్తే ఆ దీపం అందరిదీ అవుతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కిందికి దించిన ఒక్క దీపం పెట్టి మిగతా గదినంతా చీకటి చేయడం కూడా మంచిది కాదు. వెలుగు గుండ్రానికీ చీకటి మూలకూ మధ్య కన్ను పదేపదే సర్దుకోవాల్సి వస్తుంది. గది మూలలో గోడ వైపు తిప్పిన చిన్న దీపం ఒకటి ఉంచండి. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది మరీ అవసరం. వయసు పెరిగే కొద్దీ కంటికి ఎక్కువ వెలుగు కావాలి, గుచ్చుకునే వెలుగును తట్టుకునే శక్తి మాత్రం తగ్గుతుంది. అమ్మమ్మకు తెల్లని ట్యూబ్‌లైటు వేసి వెలుగు పెంచామనుకుంటాం, ఆవిడ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంటుంది. తొడుగున్న దీపాన్ని ఆవిడ కూర్చునే చోటికి దగ్గరగా తెస్తే బియ్యంలో రాళ్లేరడం, భాగవతం చదువుకోవడం రెండూ సాగుతాయి. చదువుకునే పిల్లలకు మాత్రం భోజనాల బల్ల దీపం చాలదు, పుస్తకం మీద చేతి నీడ పడకుండా పక్క నుంచి వచ్చే వేరే దీపం ఇవ్వండి.

దీపం వేలాడదీసిన రోజునే తీగను కొలిచి కోసేయమని ఎలక్ట్రీషియన్ అంటాడు, ఆయనకు మళ్లీ రావడం కష్టం కాబట్టి. ఒప్పుకోకండి. మిగిలిన తీగను పైన చుట్టి కట్టించి, 60 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టండి. ఇంట్లో అందరికంటే పొడుగైన మనిషిని, అందరికంటే చిన్న పిల్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి చూడండి. పొడుగు మనిషికి దీపం అడ్డం వస్తే రెండు అంగుళాలు పైకి. చిన్నపిల్లకు కింది నుంచి బల్బు కనబడితే తొడుగు మార్చడమో, అడుగున పాలరంగు పూత ఉన్న బల్బు వేయడమో చేయాలి. చుట్టాలు వచ్చి బల్ల నిండినప్పుడు ఒకసారి, మామూలు రోజు ఇద్దరే తిన్నప్పుడు ఒకసారి చూసుకోండి. రెండు మూడు వారాలకు ఎత్తు కుదురుతుంది, ఇక ఎవరూ మార్చమని అడగరు. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మిగిలిన తీగ కోయించండి.